సీఈ సర్టిఫికెట్ కొంటే యూరప్‌కి మెషిన్ పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: జీడిమెట్లలో పౌచ్ ప్యాకింగ్ మెషిన్లు చేస్తున్నారు, ఇటలీ నుంచి మొదటి ఆర్డరు వచ్చింది, వాళ్లు సీఈ మార్కు (యూరోపియన్ యూనియన్ నిబంధనలకి మెషిన్ తగ్గట్టు ఉందని చూపే గుర్తు) ఉండాలన్నారు. కేటలాగు, నాలుగు ఫొటోలు పంపితే వారంలో సర్టిఫికెట్ చేతిలో పెడతానని ఓ ఏజెంటు అంటున్నాడు. తీసుకోవచ్చా అని.

తీసుకోకండి. నాకు జరిగింది చెప్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

నేను బాలానగర్‌లో ఓ ప్యాకింగ్ మెషిన్ల యూనిట్లో డిజైన్ చూసేవాణ్ణి. మొదటిసారి జర్మనీకి మెషిన్ పంపినప్పుడు మేమూ అలాంటి కాగితమే కొన్నాం. మెషిన్ అక్కడికి చేరాక కమిషనింగ్‌కి, అంటే బిగించి నడిపి చూపడానికి, నేనే వెళ్లాను. ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ చూసే పెద్దాయన మా సర్టిఫికెట్ ఒకసారి చూసి పక్కన పెట్టి, "మీ రిస్క్ అసెస్‌మెంట్ చూపించండి" అన్నారు. అంటే మెషిన్‌లో ఎక్కడ, ఎవరికి, ఏం ప్రమాదమో ముందే ఆలోచించి రాసుకున్న కాగితం. మా దగ్గర లేదు.

ఆయన ఇంకేం మాట్లాడకుండా టేపు తీసుకుని ఇన్‌ఫీడ్ కన్వేయర్ (సరుకుని మెషిన్ లోపలికి చేరవేసే భాగం) గార్డు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. మేం ఆ గార్డుకి పొడుగాటి నిలువు పట్టీలు పెట్టాం. పట్టీకీ పట్టీకీ మధ్య సందు 25 మిల్లీమీటర్లు. లోపల చైన్, దాన్ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) 150 మిల్లీమీటర్ల దూరంలో తిరుగుతాయి. అంత సన్నటి సందులో చెయ్యి ఎక్కడ పడుతుందిలే అనుకున్నాం. ఆయన మెయిన్ ఆపించి, తాళం వేయించి, ఆ లైను మీద పనిచేసే అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి అరచేతిని నిలువుగా తిప్పి లోపలికి పోనిచ్చింది. చెయ్యి సాఫీగా వెళ్లిపోయింది. బయటికి తీసేసరికి వేళ్ల కొసలకి నల్లగా చైన్ గ్రీజు. ఆ వేళ్లు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే గార్డుతో ఇక్కడ మన దగ్గర ఎన్ని మెషిన్లు నడుస్తున్నాయో నాకు తెలుసు కాబట్టి.

ఆ దూరాలకి ఈఎన్ ఐఎస్ఓ 13857 అనే స్టాండర్డ్ ఉంది. 20 నుంచి 30 మిల్లీమీటర్ల వెడల్పున్న పొడుగు సందు అయితే, కదిలే భాగం కనీసం 850 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. అదే వెడల్పుతో చదరపు గడి అయితే 120 చాలు. అంటే మేం అవే పట్టీలకి అడ్డంగా 25 మిల్లీమీటర్లకొకటి చొప్పున పట్టీలు వెల్డింగ్ చేసి ఉంటే సరిపోయేది. మన షెడ్డులో వెల్డరుకి ఒక పూట పని. అక్కడ బయట ఫాబ్రికేటర్‌తో చేయించి బిల్లు మాకు పంపారు, అన్నాళ్లూ మెషిన్ ఆగిపోయింది.

ఇప్పుడు అసలు రూలు సంగతి. ఇన్నాళ్లుగా నడుస్తున్నది మెషినరీ డైరెక్టివ్ 2006/42/ఈసీ. దాని ప్రకారం చాలా మెషిన్లకి సీఈ అనేది ఎవరో ఇచ్చేది కాదు. తయారీదారే అన్నీ సరిచూసుకుని, "నా మెషిన్ ఈ నిబంధనలకి తగ్గట్టు ఉంది" అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టి మార్కు వేసుకోవాలి. చేత్తో మెటీరియల్ పెట్టే ప్రెస్‌లు, కొన్ని రకాల కలప కోసే రంపాలు, బండ్లు ఎత్తే లిఫ్టుల్లాంటి ప్రమాదకరమైన వాటికి నాలుగో అనుబంధంలో వేరే జాబితా ఉంది. నోటిఫైడ్ బాడీ (ఇలాంటి తనిఖీలకి ఈయూ దేశాలు గుర్తించిన సంస్థ) పాత్ర వచ్చేది అక్కడే. మామూలు పౌచ్ ప్యాకింగ్ మెషిన్ ఆ జాబితాలో లేదు. ఏజెంటు ఎంత పెద్ద సీలు కొట్టి ఇచ్చినా బాధ్యత మీ సంతకానిదే.

కాబట్టి ప్రమాదాలు ఎలా అంచనా వేయాలో చెప్పే స్టాండర్డ్ ఈఎన్ ఐఎస్ఓ 12100 తీసుకుని రిస్క్ అసెస్‌మెంట్‌తో మొదలుపెట్టండి. మెషిన్ బిగించడం దగ్గర్నుంచి నడపడం, జామ్ తీయడం, కడగడం, రిపేరు దాకా ఎవరి చెయ్యి ఎప్పుడు ఎక్కడికి వెళ్తుందో రాయాలి. ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, జామ్ అయితే నిజంగా ఏం చేస్తాడో అతనికే తెలుసు. ప్రతి ప్రమాదానికీ ముందు డిజైన్‌లోనే తీసేయగలమా అని చూడాలి, కుదరకపోతే గార్డు, ఇంటర్‌లాక్ (గార్డు తెరిస్తే మెషిన్ ఆగే ఏర్పాటు). స్టిక్కరు, హెచ్చరిక ఆఖర్న. మనవాళ్లు స్టిక్కరుతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బతింటాం.

కరెంటు ప్యానెల్ విషయంలో మెషిన్ల విద్యుత్ భద్రత స్టాండర్డ్ ఈఎన్ 60204-1 చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ వైరు మామూలు పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ఇన్‌పుట్‌కి మాత్రమే ఇచ్చి వదిలేయొద్దు, మేం చేసిన రెండో తప్పు అదే. నొక్కిన బటన్ తిప్పి వదలగానే మెషిన్ దానంతటది స్టార్ట్ కాకూడదు.

కాగితాల్లో డ్రాయింగులు, లెక్కలు, టెస్టు రిపోర్టులతో టెక్నికల్ ఫైలు తయారుచేసి, ఆ మోడల్‌లో ఆఖరి మెషిన్ తయారైన రోజు నుంచి కనీసం 10 ఏళ్లు ఉంచాలి. ఈ డైరెక్టివ్ కింద ఇచ్చే డిక్లరేషన్‌లో ఆ ఫైలు సమకూర్చే మనిషి పేరు, యూరోపియన్ యూనియన్‌లోని అడ్రసు రాయాలి, దీని గురించి మీ ఇటలీ వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. మాన్యువల్ ఇటాలియన్‌లో ఇవ్వాలి, అందులో శబ్దం ఎంతో కూడా రాయాలి. నేమ్ ప్లేట్ మీద సీఈ అక్షరాల ఎత్తు 5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఇంకొకటి. 2027 జనవరి 20 నుంచి ఈ డైరెక్టివ్ స్థానంలో మెషినరీ రెగ్యులేషన్ 2023/1230 అమల్లోకి వస్తుంది. చూసేది డిజైన్ ఎప్పుడు చేశారని కాదు, ఆ ఒక్క మెషిన్ యూరప్ మార్కెట్లోకి ఎప్పుడు వెళ్లిందని. డెలివరీ ఆ తేదీకి అటూ ఇటూగా ఉంటే మెషిన్ రెండింటికీ సరిపోయేలా చేసుకోండి. కొత్త రెగ్యులేషన్‌లో మాన్యువల్ డిజిటల్‌గా ఇవ్వొచ్చు, కానీ కొనేటప్పుడు కాగితం మీద అడిగితే ఉచితంగా ఇవ్వాలి. కంట్రోల్ సిస్టమ్‌లోకి బయటివాళ్లు చొరబడి మార్చకుండా చూడటం కూడా దాని ప్రకారం తయారీదారు బాధ్యతే.

ఏజెంటుకి ఇద్దామనుకున్న డబ్బుతో ఆ స్టాండర్డులు కొనండి. మిగిలితే, మీ షెడ్డుకి వచ్చి మెషిన్ పక్కన నిలబడి చూసే కన్సల్టెంట్‌కి ఇవ్వండి. ఫొటోలు చూసి చెప్పేవాళ్లు వద్దు. ఈలోగా మీ గార్డుల సందుల వెడల్పు, లోపల కదిలే భాగం ఎంత దూరంలో ఉందో కొలిచి ఇక్కడ రాయండి. ఏవి మార్చాలో చూసి చెప్తాను.