కుట్టు మిషన్ పక్కన కూర్చునే మూడున్నరేళ్ళ పిల్లోడికి

అనంతపురం

చిన్నమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదంతా విన్నాను. అంగన్‌వాడీ నుంచి ఇంటికొచ్చిన దగ్గర నుంచి చీకటి పడేదాకా బిడ్డ నీ కొంగు వదలడం లేదు. నువ్వు కుట్టే బ్లౌజుల కోసం వచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడుతున్నారు. వేరే దారి లేక ఫోన్ చేతికిస్తున్నావు, ఇచ్చాక రాత్రంతా మనసు పీకుతోంది. ఏదైనా ఆటల కిట్ కొనమంటావా అని అడిగావు. వద్దు. మీ ఇంట్లో ఉన్న సామాను చాలు. మాటల్లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ఈ వయసు బిడ్డకు ఆట వేరు, పని వేరు కాదు. నువ్వు ఏది చేస్తుంటే అదే కావాలంటాడు. "అట్లా పోయి ఆడుకో, నాకు పనుంది" అని పంపితే రెండు నిమిషాలకే మళ్ళీ వస్తాడు. నీ పనిలోంచే చిన్న ముక్క తీసి వాడి చేతికిస్తే నీ పక్కనే కూర్చుని వాడి పని వాడు చేసుకుంటాడు. అంగన్‌వాడీలో ఏళ్ళ తరబడి ఈ వయసు పిల్లల మధ్యే బతికిన దాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే ఒక్క పనితో మధ్యాహ్నమంతా గడవదు. మూడున్నరేళ్ళ వాడు ఒక దాని మీద పది, పదిహేను నిమిషాలు నిలిస్తే మంచిదే. రోజుకు మూడు నాలుగు పనులు సిద్ధం చేసిపెట్టుకో, కానీ అన్నీ ఒకేసారి ముందర పోయొద్దు. ఒకటి అయ్యాక దాన్ని డబ్బాలో సర్దించి, తర్వాతే రెండోది ఇవ్వు. సర్దడమూ వాడి పనే. ఎప్పుడైనా ఒక దాంట్లో మునిగిపోయి అరగంట కూర్చుంటే మాత్రం కదిలించొద్దు. మెచ్చుకోవడానికి కూడా పిలవొద్దు, ఆ పిలుపుతోనే ధ్యాస చెదిరిపోతుంది.

నీ మిషన్ కింద పడే పీలికలతో మొదలుపెట్టు. అరచేయంత ముక్కలు, ఒక్కో రకం గుడ్డలో రెండేసి కత్తిరించు. పట్టు, కాటన్, వెల్వెట్, నెట్, జరీ అంచు, పాత జీన్స్, ఏది ఉంటే అది. అన్నీ కలిపి బుట్టలో వేసి జతలు వెతకమను. మొదటి రోజుల్లో చూసి వెతుకుతాడు. అది సులువైపోయాక ఒక్కో జతలో ఒక ముక్కను సంచిలో వెయ్యి. బయట ఉన్న ముక్కను ఒక చేత్తో తడుముతూ, సంచిలో చెయ్యి పెట్టి చూడకుండా దాని జతను పట్టుకోవాలి. వాడి ముఖం గమనించు. కళ్ళు ఎక్కడో చూస్తుంటాయి, నోరు కొంచెం తెరుచుకుంటుంది, బుద్ధంతా వేళ్ళ చివర్లోకి వచ్చేస్తుంది. అప్పుడు నువ్వు మిషన్ తొక్కుతూనే "అది గరుగ్గా ఉందా, నున్నగా ఉందా? పలచనా, మందమా?" అని అడుగు. గుడ్డ చేతిలో ఉండగా విన్న మాట వాడికి నిలుస్తుంది.

రంగులు కూడా అంతే. "ఇదేం రంగు చెప్పు, అదేం రంగు చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు. నీ దగ్గర నీలం దారాలే నాలుగైదు రకాలు ఉంటాయి. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా వరసగా పేర్చమను. పెద్దవాళ్ళు కూడా ఒక్కోసారి తడబడే పని అది. ఖాళీ అయిన దారపు రీళ్ళు పారెయ్యకు. పాత బూటు లేసు ఇచ్చి దండ గుచ్చమను. లేసు చివర గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న వేళ్ళకు అందుతుంది.

సూదులు, గుండుసూదులు, హుక్కులు, చిన్న గుండీలు, పెద్ద కత్తెర, ఇవన్నీ మూత డబ్బాలో పెట్టి అటక మీదకు ఎక్కించు. మిషన్ దగ్గర నుంచి లేచిన ప్రతిసారీ, ఒక్క నిమిషానికే లేచినా సరే, మోటారు ప్లగ్గు తీసెయ్యి. కత్తెర కావాలని వాడు ఏడుస్తాడు, ఏడవడం సహజం, నీ చేతిలో రోజంతా అదే కదా. మొనలు మొండిగా ఉన్న పిల్లల కత్తెర ఒకటి కొను. కొనాల్సింది ఇదొక్కటే. దానికి ముందు వారం పది రోజులు పాత పేపర్లు పొడుగ్గా చింపమను, వేళ్ళకు బలం వస్తుంది. తర్వాత వేలు వెడల్పు అట్ట పట్టీలు ఇవ్వు. ఒక్కసారి నొక్కితే ముక్క తెగి కింద పడాలి. బొటనవేలు పైకి ఉండాలని నేర్పు. నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడే కత్తెర వాడి చేతిలో ఉండాలి.

వంటింట్లో పోపుల డబ్బా ఖాళీ చేసి వాడికివ్వు. ఒక పళ్ళెంలో అలసందలు, చింతగింజలు కలిపి పోసి వేరు చేయమను. అది వచ్చాక శనగబేడలు, కందిబేడలు, పెసలు కలుపు. బొటనవేలు, చూపుడు వేలు కలిపి గింజ పట్టుకోవడమే రేపు బలపం పట్టుకోవడానికి తొలి అభ్యాసం. అన్నం వేళకు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పళ్ళేలు, పళ్ళేనికి ఒక గ్లాసు వాడితోనే పెట్టించు. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పే బిడ్డ కూడా నలుగురికి నాలుగు గ్లాసులు తేలేకపోవడం చాలాసార్లు చూశాను. లెక్క చేతిలోంచి రావాలి. పిండి కలిపేటప్పుడు ఒక ముద్ద వాడికి పడెయ్యి, అప్పాలు చేస్తాడో పాములు చేస్తాడో వాడిష్టం.

గింజల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మన జిల్లాలో శనక్కాయలు లేని ఇల్లు ఉండదు. ఈ వయసు పిల్లలు గింజను ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. నోట్లో వేసుకుని పరిగెత్తితే, నవ్వితే అది జారి ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటుంది. ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదం అది. ఐదేళ్ళు వచ్చేదాకా శనక్కాయ గింజలు అట్లాగే తిననివ్వకు, పొడి కొట్టి అన్నంలోనో, ఉండ చేసి బెల్లంతోనో పెట్టు. కాయలు ఒలవడం వేళ్ళకు మంచి పని, కానీ నువ్వు పక్కన కూర్చుని ఒలిచినవి ఒలిచినట్టు తీసుకుంటేనే ఇవ్వు. గింజల ఆట ఏదైనా సరే, పక్కన వేరే పెద్దవాళ్ళు లేకుండా నువ్వు మిషన్ మీద తల వంచుకుని ఉండే సమయంలో పెట్టొద్దు. ఆ సమయానికి గుడ్డముక్కలు, దారపు రీళ్ళు ఉన్నాయి.

మార్చి దాటిందంటే మన ఊళ్ళో మధ్యాహ్నం బయట కాలు పెట్టలేం. అప్పుడు నీళ్ళను మించిన ఆట లేదు. మీ వరండాలో పరిచినవి తాడిపత్రి బండలే కదా. ఒక చెంబులో నీళ్ళు, గోడకు సున్నం వేసే చిన్న బ్రష్షు ఇచ్చి కూర్చోబెట్టు. తడి తగిలిన చోట బండ నల్లగా మారి గీత కనబడుతుంది. ఆ చివరికి గీసుకుంటూ పోయేసరికి ఈ చివర ఆరిపోయి ఉంటుంది, మళ్ళీ మొదలుపెడతాడు. ఖర్చు లేదు, తుడిచే పని లేదు. నువ్వు ఒక్కసారి పక్కన కూర్చుని నిలువు గీత, అడ్డగీత, ఏటవాలు గీత, సున్న గీసి చూపించు చాలు. రెండు చుక్కలు పెట్టి కలపమను, తర్వాత నాలుగు చుక్కలు. నువ్వు పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు పక్కన జానెడు చోటు వాడికి వదులు. ఏం గీసినా చెరిపెయ్యకు.

పక్కింటి పాప ఏబీసీడీ మొత్తం రాస్తోందని, మీ వాడికి అ ఆలు కూడా రావని మీ అత్తగారు అన్నారని బాధపడ్డావు. పిల్లలు మూడేళ్ళ ప్రాంతంలో చూసి సున్న గీస్తారు. నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఐదుకు దగ్గర పడ్డాక చతురస్రం, ఆ తర్వాత త్రిభుజం. మణికట్టులోని చిన్న చిన్న ఎముకలు ఈ వయసులో చాలావరకు ఇంకా మెత్తగానే ఉంటాయి, పెరిగే కొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. అట్లాంటి చేతిని పట్టుకుని అ దిద్దించడం బిడ్డను హింస పెట్టడమే. మన అక్షరాలన్నీ గుండ్రటివి. సున్న బాగా తిరిగిన చేతికి ర, ఠ వాటంతటవే వస్తాయి, అ తర్వాత వస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా చూసి, ఆటల ద్వారా, చేతి పనుల ద్వారా నేర్పమనే చెబుతోంది. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకు. వాడు పేర్చిన నీలం దారాల వరస ఆమెకు చూపించు. బేడలు ఏరే పని ఇద్దరికీ కలిపి అప్పజెప్పు. జేజి పక్కన కూర్చుంటే కథలు కూడా వింటాడు, నీకూ ఒక గంట దొరుకుతుంది.

ఇక ఫోన్. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్ళ వాళ్ళు రోజు మొత్తం మీద మూడు గంటలైనా కదులుతూ ఉండాలని కూడా చెప్పింది. ఒక్కసారిగా లాక్కోకు, ఇల్లు పీకి పందిరేస్తాడు. అన్నం తినేటప్పుడు ఇవ్వడం ముందు ఆపు, అది అన్నిటికంటే చెడ్డ అలవాటు, కడుపు నిండిందో లేదో కూడా బిడ్డకు తెలియదు. నాలుగు రోజులు తక్కువ తింటాడు, టెన్షన్ పడకు. తర్వాత ఫోన్‌కు ఒక వేళ పెట్టు, మిగతా సమయంలో అది వాడి కంటికి కనబడకూడదు. అంటే నీ చేతిలోనూ ఉండకూడదు. పొద్దున ఎండ ముదరక ముందు, సాయంత్రం ఎండ తగ్గాక వీధిలో పరిగెత్తనివ్వు. రోజంతా కదలని బిడ్డ సాయంత్రం గోల చేయక ఏం చేస్తాడు?

సాయంత్రాలకు నాకు అన్నిటికంటే ఇష్టమైనది తోలుబొమ్మలాట. పాత పెళ్ళిపత్రికల అట్టలు దాచిపెట్టు. వాడు చెప్పిన జంతువును నువ్వు కత్తిరించు, కంటికి సూదితో రంధ్రం పొడువు. తోక వేరుగా కత్తిరించి దారంతో ముడేస్తే ఊగుతుంది. వెనక కొబ్బరి పుల్ల అంటించు. తెల్ల పంచె ఒకటి కట్టి వెనక టార్చి పెట్టు. బొమ్మను దీపం దగ్గరికి తెస్తే నీడ పెద్దదవుతుంది, పంచె దగ్గరికి తెస్తే చిన్నదవుతుంది. ఇది నువ్వు చెప్పొద్దు, వాడే కనుక్కోవాలి. కనుక్కున్న రోజు పిల్లిని ఏనుగంత చేసి కేకలు పెడతాడు. కథ కూడా వాడినే చెప్పనివ్వు. మధ్యలో పులి బస్సెక్కినా సరిదిద్దకు, "బస్సులో ఎవరు కనబడ్డారు?" అని అడుగు. మాటలు పెరిగేది అక్కడే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును అద్దంలా వెలుగు దూరేట్టు పలచన చేసి, రంగులద్ది బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చీరల పని మీద ధర్మవరం పోతూనే ఉంటావు కదా, ఈసారి వాణ్ణి కూడా తీసుకుపోయి ఆ బొమ్మలు చూపించు. ఇంట్లో అట్టబొమ్మలు ఆడించాకే తీసుకుపో, అప్పుడైతే ఏం చూడాలో వాడికి తెలుస్తుంది.

కొన్ని రోజులు ఇవేవీ పట్టించుకోడు. నీ కాళ్ళ దగ్గర పడుకుని ఊరికే పైకప్పు చూస్తుంటాడు. చూడనివ్వు, వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టాలని లేదు. జ్వరం, పన్ను నొప్పి ఉన్న రోజు ఒళ్ళోనే పెట్టుకో, బ్లౌజులు ఒక రోజు ఆలస్యమైతే కొంపలేమీ మునిగిపోవు.

ఈ వారానికి గుడ్డముక్కల బుట్ట, బండల మీద నీళ్ళు, ఈ రెండే మొదలుపెట్టు. అంగన్‌వాడీ మాన్పించకు, తోటి పిల్లల మధ్య నేర్చుకునేది నువ్వూ నేనూ ఇంట్లో నేర్పలేం. ఖాళీ దారపు రీళ్ళు నీ దగ్గర సరిపోకపోతే మా వీధి టైలరు దగ్గర సంచి నిండా ఉన్నాయి, కడిగి ఆరబెట్టి మీ మామయ్య చేత శుక్రవారం పంపిస్తాను.

మీ పెద్దమ్మ