డెలివరీ కార్మికులు యూనియన్ పెట్టుకుంటే పింఛను వస్తుందా?

బెంగళూరు మారతహళ్ళిలో టీ బండి దగ్గర, ఫోనులో ఆర్డరు మోగేదాకా మన తెలుగు కుర్రాళ్ళు వాదించుకునే ప్రశ్నే ఇది: యూనియన్ ఉంటే పింఛను వస్తుందా, లేక కంపెనీలు డబ్బు గుమ్మరించి చట్టాన్నే తమవైపు తిప్పుకుంటాయా?

యూనియన్ పెట్టినంత మాత్రాన పింఛను రాదు. ప్రావిడెంట్ ఫండుతో ముడిపడిన పింఛను ఉద్యోగులకే. 2020 నాటి కేంద్ర చట్టమైన సామాజిక భద్రతా స్మృతి మాత్రం గిగ్ కార్మికులను, అంటే ఇలా యాప్‌ల ద్వారా ఆర్డరువారీగా పనిచేసేవారిని, సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల ఉంచి, వారి నిధికి కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, జమచేయాలని చెప్పింది. కర్ణాటక 2025 చట్టం ప్రతి ఆర్డరుకు కార్మికుడికి ముట్టే సొమ్ముపై 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుమును కంపెనీ కట్టాలంది. పనినుంచి తొలగించాలంటే సాధారణంగా 14 రోజుల ముందు కారణంతో నోటీసివ్వాలనీ అంది. యాప్‌లో ఐడీ ఆపేయడంతో పని పోయినవాడు ఒంటరిగా చాట్‌బాట్‌తో మొరపెట్టుకోవడం చూశాక, పింఛనుకన్నా ముందు యూనియన్ అవసరం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

పైరవీ భయమూ ఉత్తిది కాదు. కాలిఫోర్నియాలో 2020లో, డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించాల్సిన పని లేకుండా యాప్ కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి 22వ ప్రతిపాదనను ఓటర్లచేత నెగ్గించుకున్నాయి. మనకు అలాంటి ఓటింగు లేదు. కర్ణాటక సంక్షేమ బోర్డులో కంపెనీల ప్రతినిధులతోపాటు కార్మికుల ప్రతినిధులకూ చోటుంది, ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారన్నదే గట్టిగా పట్టించుకోవలసిన విషయం.