ఎంబీఏ హెచ్ఆర్ ఉన్నా యువజన సంస్థల నుంచి పిలుపు రాకపోతే

ఎంబీఏ హెచ్ఆర్ చేసినా పిలుపు రావట్లేదంటూ మీరు పెట్టిన రెజ్యూమె చూశాను. అందులో ఉన్నవన్నీ రిక్రూట్‌మెంట్ టార్గెట్లే, అంటే ఎంతమందిని ఉద్యోగంలో చేర్చారన్న లెక్కలే. మహబూబ్‌నగర్‌లో పిల్లలు, యువతతో పనిచేసే సంస్థలు మిమ్మల్ని పిలవకపోవడానికి కారణం బహుశా అదే.

1. పిల్లల రక్షణ మీద నాలుగు లైన్లు రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. వార్డెన్ అయినా డ్రైవర్ అయినా, చేర్చుకునే ముందు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, పాత ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ బాధ్యత హెచ్ఆర్‌దే. ఇలాంటివి మీరు చేసి ఉంటే ముందు అవే కనిపించాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) 19, 21 సెక్షన్లు చదవండి: అలాంటి నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే శిక్ష ఉంది.

2. 10 మంది సిబ్బంది ఉన్నా, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి. దాని పని తెలిస్తే రాయండి.

3. దేవరకొండ, అచ్చంపేట తండాలకు తిరగగలరా? లంబాడీ భాష వచ్చా? అదీ రాయండి.

మార్చాక మళ్లీ పెట్టండి, చూస్తాను.