మైకు లేని కచేరీ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. నిదానంగా చదివాను. ధనుర్మాసంలో ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళి, పని ముగిసిన సాయంత్రం స్నేహితురాలి వెంట మైలాపూరులో ఒకరి ఇంటి హాలులో జరిగిన కర్ణాటక సంగీత కచేరీకి హాజరై, నలభైమంది మధ్య జంబుఖానా మీద కూర్చుని, మైకు లేకుండా పాడిన పాటను రెండున్నర గంటల సేపు విన్నావు. రచన మొదలుపెట్టిన తొలిరోజుల్లోనే ఇంత మంచి విషయం దొరకడం నీ అదృష్టం. కాని అమ్మా, ఆ సాయంత్రం నీకు దొరికినంతగా నీ పాఠకుడికి ఇంకా దొరకలేదు. ఎందుకు దొరకలేదో, దొరకాలంటే ఏం చేయాలో నాకు తోచినంత మేరకు రాస్తున్నాను.

ముందుగా నాకు నచ్చిన వాక్యం సంగతి చెబుతాను. చివరి పేజీలో, ఫిల్టర్ కాఫీ ప్రస్తావనకు కాస్త పైన, "మృదంగం వాయించే ఆయన మొదట్లో ఎడమవైపు ఏదో పిండి అద్దుతూ కనిపించారు" అని రాసి ముందుకు వెళ్ళిపోయావు. వ్యాసం మొత్తంలో పూర్తిగా నీ కళ్ళతో చూసి రాసిన వాక్యం అదే. ఆయన అద్దినది తడిపిన బొంబాయి రవ్వ. ఆ ముద్దను ఎడమ మూత మధ్యలో గుండ్రంగా అద్ది, అరచేత్తో కొట్టి చూసి, చాలకపోతే మరో చిటికెడు చేర్చి, మళ్ళీ కొట్టి చూస్తారు. ఆ బరువు వల్లనే ఎడమచేతి నాదం అంత లోతుగా పలుకుతుంది. కచేరీ అయిపోగానే దాన్ని గీకి తీసేస్తారు కనుక ప్రతి కచేరీకీ ఆ పని కొత్తగా చేయవలసిందే. కుడి మూత మధ్యలో నల్లగా కనిపించే పూతను కరణ అంటారు, అది అలా రోజూ మారేది కాదు. అటువైపు శ్రుతి సరిచేయడానికి చిన్న రాయీ కర్రముక్కా పట్టుకుని మూత అంచు చుట్టూ దెబ్బలు వేస్తూ, ప్రతి దెబ్బకూ తంబుర వైపు చెవి ఒగ్గుతారు. పెద్ద సభలో వెనక వరసలో కూర్చున్నవారికి ఇదంతా ఆలస్యంలా అనిపిస్తుంది. నీకు మాత్రం చేయి చాస్తే అందేటంత దగ్గరలో జరిగింది. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి. విమానం దిగడం, ఆటో బేరం, కపాలీశ్వరుడి గుడి గోపురం తర్వాత ఎక్కడైనా రావచ్చు, అసలు రాకపోయినా నష్టం లేదు.

ఇక తీసేయవలసినవి. "గంధర్వగానంతో శ్రోతలను ఓలలాడించారు", "వీనులవిందు చేశారు", "అమృతధార కురిసింది", "నన్ను నేను మరిచిపోయాను" అన్న మాటలు మన పత్రికల సభావార్తల్లో ఏళ్ళ తరబడి ప్రతి ఊరి కచేరీకీ, ప్రతి గాయకుడికీ వాడుతూ వచ్చినవి. అన్నిటికీ సరిపోతాయి కనుకనే నువ్వు విన్న కచేరీని గురించి ఏమీ చెప్పవు. అవి రాసినప్పుడు నీ భావం అబద్ధమని నేను అనడం లేదు. నీ మనసు నిజంగానే కరిగి ఉంటుంది. అది ఏ క్షణాన కరిగింది, అప్పుడు గాయని ఏ స్వరం మీద నిలిచింది, ఫిడేలు ఏం చేస్తోంది, పక్కనున్న పెద్దాయన ఏం చేశారు అన్నవి రాయి. నన్ను నేను మరిచిపోయానని ఒక్కమాటలో చెప్పేస్తే, పాఠకుడు నీ నుంచి తెలుసుకోగలిగింది ఏదీ మిగలదు. ఒళ్ళు మరిచేంత ఆనందంలో కూడా రచయిత చెవీ కన్నూ పని చేస్తూనే ఉండాలి. ఇది కష్టమే, కాని అలవాటవుతుంది.

మైకు లేకపోవడాన్ని నువ్వు ఒక వింతలా ఒక్కమాటలో చెప్పి వదిలేశావు. నా ఉద్దేశంలో నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. మైకులు రాకముందు ఎక్కువమందికి వినిపించాలని గాయకులు హెచ్చు శ్రుతిలో గొంతెత్తి పాడేవారు. మైకు వచ్చాక ఆ అవసరం తీరింది, కాని మరొకటి పోయింది. స్పీకర్లలోంచి వచ్చేటప్పుడు గొంతూ ఫిడేలూ మృదంగమూ ఒకే చోటినుంచి, ఒకే మందాన వినిపిస్తాయి. ఏది ఎంత నెమ్మదిగా పలికిందో తెలియదు. గదిలో అలా కాదు. గాయని ఊపిరి తీసుకోవడం, ఫిడేలు కమాను దిశ మారడం, మృదంగం ఎడమవైపు అరచేయి జారినప్పుడు వచ్చే గుంకి, ఇవన్నీ వేర్వేరు చోట్లనుంచి వేర్వేరుగా నీ చెవిని చేరాయి. వాటన్నిటి కిందా తంబుర ఉంది. పంచమం (ప), రెండు షడ్జాలు (స), కింది స్థాయి మంద్ర షడ్జం అనే నాలుగు తీగలు మీటుతుంటే, బ్రిడ్జి మీద తీగ కింద పెట్టిన సన్నని దారం వల్ల ఆ జుమ్మనే నాదం పుడుతుంది. ఈ రోజుల్లో చాలా కచేరీలకు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వస్తోంది. నువ్వు విన్నచోట నిజమైన తంబుర పట్టుకుని ఒక శిష్యురాలు కచేరీ పొడుగునా గాయని వెనక కూర్చుందని నీ వ్యాసంలో ఒక ఫొటో కింద మాత్రమే రాశావు. ఆ అమ్మాయి వ్యాసంలోకి రావాలి. రెండున్నర గంటలు ఒక్క స్వరం పాడకుండా, వేళ్ళ వేగం మారకుండా మీటడం ఎంత పనో, ఆమెను చూసిన నువ్వే చెప్పగలవు.

ఒకచోట పొరబడ్డావు, అది సరిదిద్దుకోవాలి. "ఎన్నో రోజులు కలిసి సాధన చేసి తయారుచేసుకున్న కచేరీ అని తెలిసిపోతోంది" అని రాశావు. మన కచేరీల్లో సాధారణంగా రిహార్సల్ ఉండదు. ఫిడేలు విద్వాంసుడికి ఆ సాయంత్రం ఏ రాగం వస్తుందో ముందుగా చెప్పకపోవడం మామూలే. ఒక్కోసారి ముగ్గురూ వేదిక మీదనే మొదటిసారి కలుసుకుంటారు. ఈ సంగతి తెలిశాక నువ్వు చూసినదాన్ని మళ్ళీ గుర్తుచేసుకో. గాయని ఆలాపన మొదలుపెట్టి రెండు మూడు స్వరాలు పలికేసరికి ఫిడేలు ఆయన రాగాన్ని గుర్తించి, ఆమె వెనకే, ఆమె గొంతుకు అడ్డుపడకుండా, ఆమె వదిలిన చివరి స్వరాన్ని పట్టుకుని సాగాడు. ఆమె ఆగగానే తన వంతుగా అదే రాగాన్ని తన దారిలో చెప్పాడు, ఆమె వింటూ కూర్చుంది. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు వినడం ఎలాగో అంత దగ్గరగా చూసే అవకాశం మరే కళలోనూ అంత సులువుగా దొరకదని నా నమ్మకం. నువ్వు రాసిన పేరాలో కళాకారులు ముగ్గురూ ప్రేక్షకుల వైపు చూస్తున్నట్టుంది. వాళ్ళు అసలు ఎవరివైపు చూస్తున్నారో రాయి.

రాగాల జాబితా, 72 మేళకర్తల (మూల రాగాల) లెక్క, ఆ లెక్క కట్టిన 17వ శతాబ్దపు వేంకటమఖి ప్రస్తావన, ఇవన్నీ నువ్వు ఇంటికి వచ్చాక చదివి చేర్చినవని చదువుతుంటేనే తెలుస్తోంది. తెలుసుకోవడం మంచిదే, తెలుసుకున్నదంతా అక్కడ పరచకు. కల్యాణి రాగానికీ శంకరాభరణ రాగానికీ తేడా మధ్యమం (మ) ఒక్కటేనని పాఠకుడికి చెప్పాలనుకుంటే, గాయని ఆ మధ్యమాన్ని అందుకున్న చోట గదిలో తలలు ఎలా కదిలాయో చెబుతూ చెప్పు. అంతకు మించి అవసరం లేదు. వరస విషయంలో కూడా అంతే. వర్ణంతో మొదలై, చిన్న కృతులు, విస్తారమైన ప్రధాన కృతి, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం, చివర తేలికపాటి పాటలు, మంగళం అన్న ఈ క్రమం గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) చేతిలో స్థిరపడిందని సంగీతం తెలిసినవారు చెబుతారు. ఆ క్రమంలోనే ఒక్కొక్క పాటనూ ఒక్కొక్క పేరాలో అప్పజెప్పవలసిన బాధ్యత నీకు లేదు. రెండు పాటలను రెండు వాక్యాల్లో దాటించి, ప్రధాన కృతి దగ్గర మూడు పేజీలు కూర్చో.

తని ఆవర్తనాన్ని మాత్రం దాటించకు. పెద్ద సభల్లో మృదంగం ఒంటరిగా మొదలవగానే కొందరు లేచి క్యాంటీన్ దారి పట్టడం ఎప్పటినుంచో ఉన్న బాధ. నువ్వున్న గదిలో ఒక్కరూ లేవలేదని రాశావు. లేవకుండా ఏం చేశారు? తొడమీద తాళం వేశారు. ఆదితాళమైతే ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన రెండుసార్లు దెబ్బవేసి చేతిని వెల్లకిలా తిప్పడం, అంతా కలిసి ఎనిమిది. మృదంగం ఆ ఎనిమిదిని ఎన్ని రకాలుగా చీల్చినా, ముక్తాయింపు సరిగ్గా పాట ఎత్తుగడ దగ్గర వచ్చి పడుతుందా లేదా అని నలభై చేతులు ఒకేసారి లెక్కిస్తున్నాయి. నీకు లెక్క తెలియకపోయినా పక్కవారి వేళ్ళు చూస్తూ అనుసరించవచ్చు. లెక్క తప్పి, మళ్ళీ అందుకుని, ఆఖరి దెబ్బా పాటా కలిసినచోట నీ ఒంట్లో ఏం జరిగిందో రాయి. సంగీతం రాని పాఠకుడు కూడా అక్కడ నీతో ఉంటాడు.

శ్రోతల గురించి మరో మాట. "కొందరు అసంతృప్తితో నాలుక చప్పరించారు" అని రాశావు. ఆ చప్పరింపు మెచ్చుకోలు. తలను అడ్డంగా ఊపుతూ నాలుకతో "త్చ్" అంటే, ఎంత బాగా పాడిందమ్మా అని అర్థం. ప్రయాణంలో ఉన్నప్పుడు కనిపించినదానికి వెంటనే అర్థం కట్టకుండా, నీ స్నేహితురాలినో పక్కవారినో కచేరీ అయ్యాక అడిగి తెలుసుకో. గాయనిని మాత్రం పాట ముగిసిన వెంటనే రాగం పేరు అడగవద్దు. ఆమెను మంచినీళ్ళు తాగనివ్వాలి.

"తమిళులు మన తెలుగు పాడుతుంటే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది" అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఆ భావం నాకూ తెలుసు. కాని ఆ వాక్యం ఆ గదిలోని మనుషులను మనకు కానుక మోసుకొచ్చినవారిని చేసేస్తోంది. తంజావూరును నాయక రాజులు ఏలిన 16, 17 శతాబ్దాల్లో ఆస్థానంలో తెలుగు వెలిగింది. తర్వాత వచ్చిన మరాఠా రాజులూ దాన్ని ఆదరించారు. త్యాగరాజు (1767–1847) తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున జీవించి, ఆ నేలమీదనే తెలుగులో పాడాడు. తంజావూరు దగ్గర మేలట్టూరులో నేటికీ నరసింహ జయంతికి తెలుగు భాగవతమేళ నాటకాలు ఆడతారు. ఇన్ని తరాలుగా ఆ పాటలను గురువు నోటినుంచి శిష్యుడి నోటికి అందిస్తూ కాపాడినవారి ఇంట్లో నువ్వు అతిథివి. నీ పక్కన కూర్చున్న పెద్దాయన తెలుగు మాట్లాడలేరని, కాని ప్రతి సంగతినీ గాయనితోపాటు పెదవులతో అనుకున్నారని నువ్వే మరోచోట రాశావు. సంగతి అంటే ఒకే పంక్తి మళ్ళీ వచ్చినప్పుడల్లా కొత్త మలుపు తీసుకోవడం. ఆయనకు ఆ మలుపులన్నీ వరసగా తెలుసు, భాష తెలిసిన నీకు తెలియవు. ఛాతీ ఉప్పొంగడం తీసేసి, ఆయన పెదవులను ఉంచు. నీ గర్వానికి పని కావాలంటే, 1919లో సంగీత కళాశాల పెట్టిన విజయనగరం వెళ్ళు. అక్కడ బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు రికార్డులు సంపాదించి విను. ఫిడేలును విడిగా వినడం అలవాటైతే, ఈసారి కచేరీలో నీకు వినబడేవి రెట్టింపు అవుతాయి.

పద్ధతి గురించి కొద్దిగా. చిన్న గదిలో ఆలాపన సాగుతుండగా నోటుపుస్తకం తెరవకు, ఫోను అసలే తీయకు. కాగితం చప్పుడు కూడా అక్కడ అందరికీ వినిపిస్తుంది. విన్నది విన్నట్టు ఆ రాత్రే, నిద్రపోయే ముందే రాసి పెట్టుకో. మర్నాటికి స్వరాలు పోతాయి, విశేషణాలు మిగులుతాయి. వీలైతే వచ్చే డిసెంబరులో మళ్ళీ వెళ్ళు. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ పెద్ద హాలులో ఒక కచేరీ, లజ్ దగ్గర రాగసుధ వంటి చిన్న హాలులో ఒక కచేరీ విను. రెంటికీ నడుమ నీకు వినిపించే తేడా మరో వ్యాసానికి సరిపోతుంది.

చివరగా, ఆతిథ్యమిచ్చినవారి పేరూ వీధీ వ్యాసంలో ఉన్నాయి. వారిని అడగకుండా అవి అచ్చులోకి పోకూడదు. అడిగినా, "మైలాపూరులో ఒక ఇల్లు" అంటే చాలునని నా సలహా. కళాకారుల పేర్లు మాత్రం పూర్తిగా, సరైన అక్షరాలతో వేయాలి. తంబుర పట్టిన అమ్మాయి పేరు కూడా, ఆమె ఒప్పుకుంటే. రాగాలను నీ స్నేహితురాలిచేత ఒకసారి సరిచూపించు. కాఫీకి ఒక వాక్యం చాలు. మంగళం దగ్గర వ్యాసం ఆపేసి, హోటలుకు తిరుగు ప్రయాణం రాసిన పేజీ తీసేయి. ఉగాదిలోగా మళ్ళీ పంపితే, సంపాదకుడి చేతికి వెళ్ళేముందు ఇంకోసారి చదివి పెడతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి