2003లో లెగ్ స్పిన్నర్, 2011లో బ్యాట్స్‌మన్: ఒబుయా ఇద్దరా, ఒక్కడా?

ఒక్కడే. కెన్యా క్రికెటర్ కాలిన్స్ ఒబుయా గణాంకాల పట్టిక వేస్తే లెక్క కుదరట్లేదని, ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లేమోనని అడిగారు కదా. మీ లెక్క తప్పడానికి కారణం బహుశా అతని కెరీర్ మొత్తాన్నీ ఒకే సగటుగా చూడటం. నైరోబీలో శ్రీలంకపై 10 ఓవర్లలో 24 పరుగులకు 5 వికెట్లు తీసిన కుర్రాడే, ఎనిమిదేళ్ల తర్వాత బెంగళూరులో ఆస్ట్రేలియాపై 98 నాటౌట్. ఆ రెండు పరుగులు తక్కువైనందుకు నాకిప్పటికీ బాధే.

ఇలా చేయండి:

1. 2003 దాకా ఒక పట్టిక, ఆ తర్వాతది ఇంకొకటి. బౌలింగ్ మొదటిదాంట్లో చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఇంటిపేరుతో వెతకొద్దు. ముగ్గురు అన్నదమ్ములూ కెన్యాకి ఆడారు. డేవిడ్ కూడా ఒబుయానే, పైగా స్కోర్‌కార్డులో ఒకరు 'సి.ఓ.', ఇంకొకరు 'డి.ఓ.', ఒక్క అక్షరమే తేడా, గబగబా చూస్తే కలిసిపోతాయి. మూడో అతను కెన్నెడీ ఒటియెనో పేరుతో ఉంటాడు, అదే శ్రీలంక మ్యాచ్‌లో 60 కొట్టింది అతనే. కాబట్టి మొదటి అక్షరం చూసి మరీ వరస ఎక్కించండి.

3. 2014లో కెన్యా వన్డే హోదా పోయింది. ఆ తర్వాత 50 ఓవర్ల మ్యాచ్‌లు వన్డేల లెక్కలోకి రావు, తీసేయండి.