కార్డుకు బదులు ‘అఫెండింగ్ కమాండ్’ కాగితం వస్తుంటే

మీ డాబాగార్డెన్స్ షాపులో ఒక్క పెళ్లికార్డు పీడీఎఫ్‌కే ‘ఎర్రర్: అన్‌డిఫైన్డ్, అఫెండింగ్ కమాండ్’ అని రాసిన కాగితం వస్తోందన్నారు కదండీ. మిగతా ఫైళ్లు బాగానే వస్తున్నాయంటే ప్రింటర్‌ మీద అనుమానం అక్కర్లేదు, మెకానిక్‌కి డబ్బులు పోయకండి.

ఇది పోస్ట్‌స్క్రిప్ట్, అంటే పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే భాషలో వచ్చే ఎర్రర్. ముందు ఆ కాగితం సరిగ్గా చదవండి. కమాండ్ పేరు దగ్గర పిచ్చి అక్షరాలుంటే డేటా మధ్యలో చెడి ఉండొచ్చు, లేదా డ్రైవర్ (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు పని పంపే సాఫ్ట్‌వేర్) సరిపడకపోవచ్చు. ‘ఇన్వాలిడ్‌ఫాంట్’ అని ఉంటే ఫాంట్‌ని పట్టుకోండి. ‘వీఎంఎర్రర్’ అంటే ప్రింటర్‌లో మెమరీ చాలట్లేదని.

కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటే టెన్షన్ పడకుండా అక్రోబాట్ రీడర్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి, ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెట్టండి. పేజీ మొత్తం బొమ్మగా వెళ్తుంది కాబట్టి ఫాంట్ గొడవ ఉండదు. సన్న అక్షరాల అంచులు కాస్త మొద్దుబారతాయి, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే నయం.

మీ మెషీన్‌కు పీసీఎల్ (ప్రింటర్లకు మరో భాష) డ్రైవర్ ఉంటే దాంతోనూ ఒకసారి ఇచ్చి చూడండి. అప్పుడు పోస్ట్‌స్క్రిప్ట్‌తో అసలు పనే ఉండదు. గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైల్‌ని కొత్త పీడీఎఫ్‌గా తిరగరాయించినా చాలాసార్లు పనవుతుంది.

నన్నడిగితే మాత్రం ఫైల్‌ని డిజైనర్‌కే తిప్పి పంపండి. కోరల్‌డ్రాలో అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చి, మళ్లీ పీడీఎఫ్ చేసివ్వమనండి.