ముందే డబ్బు కట్టిన భోజన ప్లాన్ ఉన్నా టిప్పు ఇవ్వాలి, అదీ పూర్తి ధర మీద

అడిగిన ప్రశ్న: "ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం. గదితో పాటు భోజన ప్లాన్‌కు కూడా ముందే డబ్బు కట్టేశాం. అయినా రెస్టారెంటులో వడ్డించేవారికి మళ్ళీ టిప్పు ఇవ్వాలా? మేం నలుగురం. ఒక రాత్రి మా బావమరిది కుటుంబం కూడా మాతో భోజనానికి కలుస్తుంది."

ఇవ్వాలి. మీరు కట్టింది తిండికి. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే మనిషికి అందులోంచి టిప్పుగా ఒక్క డాలరు కూడా వెళ్ళదు. ప్లాన్ షరతుల్లో ఈ మాట రాసే ఉంటుంది. ఆ షరతులు చదివేవాళ్ళు తక్కువ, అమ్మేటప్పుడు నోరు తెరిచి చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ.

"కలిసే ఉంటుందని మా స్నేహితులు చెప్పారే" అని మీకు అనిపించవచ్చు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ఈ ప్లాన్ 2005లో మొదలైనప్పుడు టిప్పు నిజంగానే అందులో కలిసి ఉండేది. 2008 నుంచి తీసేశారు. భోజనానికి ముందు తినే చిరుతిండిని కూడా అప్పుడే తీసేశారు. 2020లో కోవిడ్ వల్ల ప్లానే ఆగిపోయింది. 2024 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా టిప్పును బయటే ఉంచారు. ఆ తొలి రోజుల్లో వెళ్ళి వచ్చినవాళ్ళ మాటే ఇప్పటికీ నోటి నుంచి నోటికి తిరుగుతోంది.

మా ఇంట్లో ఈ గొడవ జరిగింది కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను. మా వదిన, అన్నయ్యగారు వేసవిలో విజయవాడ నుంచి వచ్చారు. వాళ్ళ టికెట్లు చూసిన ట్రావెల్ ఏజెంటే ఓర్లాండో గది, భోజన ప్లాన్ కూడా చూశాడు. "అన్నీ ఇందులోనే సార్, అక్కడ జేబులో చెయ్యి పెట్టే పనే లేదు" అని చెప్పి పంపాడు. ఆ ఒక్క మాట మా బల్ల దగ్గర ఎంత పని చేసిందో అతనికి తెలియదు.

డిస్నీ వరల్డ్‌లోని యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో సనా అని ఒక రెస్టారెంటు ఉంది. ఆఫ్రికా వంటలు, మన వంటలు కలిపి చేస్తారు. కిటికీ అవతలే మైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. నేను, మా ఆయన, మా అమ్మాయి, వదిన, అన్నయ్యగారు, మొత్తం ఐదుగురం కూర్చున్నాం. అక్కడి రొట్టెల పళ్ళెం తప్పకుండా తినాలి. నాన్, కుల్చా, పరాఠా వంటి ఐదు రకాలు, వాటి పక్కన తొమ్మిది గిన్నెల్లో చింతపండు చట్నీ, మామిడి చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి, పెరుగు పచ్చడి, ఇంకా ఎన్నో. అది ప్లాన్ కిందికి రాలేదు కాబట్టి విడిగా చెప్పాం.

మా వదిన గుడ్డు కూడా ముట్టదు. ఆ సంగతి చెప్పగానే, మాకు వడ్డిస్తున్న ఆవిడ లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. ఏ రొట్టెలో గుడ్డు ఉందో లేదో మాకు ఇంకా అనుమానంగా ఉందని గమనించి, ఈసారి వంటాయననే బల్ల దగ్గరికి తీసుకువచ్చింది. ఆయన నిలబడి ఒక్కొక్క పదార్థం పేరు చెప్పాడు. వదినకు సరిపడేవి వేరే పళ్ళెంలో సర్దించి, మిగతావి తగలకుండా ఆవిడే తెచ్చి పెట్టింది. వెల్లుల్లి పచ్చడి గిన్నె ఖాళీ అయితే అడగకుండానే మరొకటి వచ్చింది. మైదానంలో జిరాఫీ దగ్గరికి వచ్చినప్పుడు అన్నయ్యగారి భుజం తట్టి చూపించింది కూడా ఆవిడే. యాభై దాటిన మనిషి, కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది.

బిల్లు వచ్చింది. ప్లాన్ కింద పోయిన భోజనాల ధరలన్నీ పైన ఉన్నాయి, వాటిని కొట్టేసి కింద రొట్టెల పళ్ళెం ఖరీదు ఇరవై చిల్లర డాలర్లు మాత్రమే కట్టాలని ఉంది. దాని కింద టిప్పు కోసం ఖాళీ గీత.

అన్నయ్యగారు బిల్లు చేతిలోకి తీసుకుని, "మనం కట్టాల్సింది ఇంతే కదమ్మా. దీని మీద నాలుగు డాలర్లు రాయి, చాలు. అసలు ఆ నాలుగూ ఎందుకు? ప్లాన్ డబ్బు ఎప్పుడో కట్టేశాం" అన్నారు.

"అన్నయ్యగారూ, టిప్పు చూడాల్సింది కింది అంకె మీద కాదు, పై అంకె మీద" అన్నాను. భోజనాలు, తీపి, తాగేవి అన్నీ కలిపితే పై అంకె రెండు వందల డాలర్లు దాటింది. ఇరవై శాతం లెక్కన నలభై పైనే.

"నలభయ్యా! ఆవిడకు జీతం లేదా? గంటకు ఎంతిస్తారు?" అని అడిగారు. చట్టప్రకారం ఇంత అని చెబితే, వెంటనే రూపాయల్లోకి మార్చి, "గంటకు ఎనిమిది వందల పైన! మన దగ్గర డిగ్రీ చదివిన పిల్లలకు రోజంతా కష్టపడితే వస్తుందా అంత?" అన్నారు.

రూపాయల్లోకి మార్చే ఈ అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆవిడ అద్దె కట్టేది ఓర్లాండోలో. పాలు, కూరగాయలు కొనేది ఓర్లాండోలో. కారుకు బీమా, పెట్రోలు అన్నీ డాలర్లలోనే. సంపాదన మాత్రం విజయవాడ లెక్కలో చూడటం ఏం న్యాయం?

మా అమ్మాయి అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడు మాత్రం, "మామయ్యా, నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇదే పని చేశాను" అంది. అది ఆయనకు తెలియదు. మేనకోడలు రెస్టారెంటులో పళ్ళేలు మోసిందని వినగానే ఆయన ముఖం మారిపోయింది. ఆ పని చేసినందుకు నాకు గర్వంగానే ఉంది, ఇక్కడా అదే చెబుతున్నాను.

మా అమ్మాయి చెప్పిన సంగతులు ప్రతి తెలుగు కుటుంబమూ వినాలి. చాలా రెస్టారెంట్లలో సర్వర్‌కు వచ్చిన టిప్పు మొత్తం సర్వర్‌కే మిగలదు. బల్లలు తుడిచేవాళ్ళకు, పానీయాలు కలిపేవాళ్ళకు అందులోంచి వాటా ఇవ్వాలి. చాలాచోట్ల ఆ వాటాను వచ్చిన టిప్పు మీద కాకుండా, ఆ రోజు అమ్మిన భోజనాల మొత్తం మీద లెక్క కడతారు. అంటే రెండు వందల డాలర్ల బల్ల ఏమీ ఇవ్వకుండా లేచిపోతే, సర్వర్ ఆ బల్ల వాటాను మరో బల్ల ఇచ్చిన డబ్బులోంచి కట్టాలి. మీరు ఇవ్వకపోవడం ఆ మనిషికి సున్నా కాదు, నష్టం.

దానికంటే ఎక్కువగా నన్ను కుదిపేసిన మాట ఇంకొకటి. మనవాళ్ళ కుటుంబం ఏదైనా లోపలికి వస్తే, తోటి సర్వర్లు ఆ బల్లను మా అమ్మాయి వైపు నెట్టేవాళ్ళట. "మీవాళ్ళే కదా, నువ్వే చూడు" అని. మనవాళ్ళు ఇవ్వరని వాళ్ళ మనసులో పడిపోయింది. చదువులో, ఉద్యోగాల్లో ఇంత పేరు తెచ్చుకున్నవాళ్ళం, అన్నం పెట్టేవాళ్ళు మన బల్లను చూసి పక్కకు తప్పుకునే పరిస్థితి తెచ్చుకున్నాం. మీ ప్రశ్నకు ఇది జవాబు కాకపోవచ్చు. నేను రాయాలని కూర్చున్నది మాత్రం ఇదే.

జీతం సంగతి కూడా సరిగ్గా చెబుతాను, ఎందుకంటే దీని మీద అందరూ ఊహించి మాట్లాడతారు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, టిప్పు తీసుకునే పనివాళ్ళకు యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపి 7.25 డాలర్లకు చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. ఓర్లాండో ఉన్న ఫ్లోరిడా రాష్ట్రంలో ఇంతకంటే మెరుగు. 2020లో అక్కడి ఓటర్లు కనీస వేతనాన్ని ఏటా ఒక డాలరు చొప్పున పెంచి 2026 సెప్టెంబరు నాటికి 15 డాలర్లకు చేర్చాలని తీర్పు ఇచ్చారు. 2025 సెప్టెంబరు 30న అది 14 డాలర్లయింది. టిప్పు వచ్చేవాళ్ళకు దానికంటే 3.02 డాలర్లు తక్కువ ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. అంటే 10.98 డాలర్లు. ఆ తగ్గించిన 3.02 డాలర్లు ఎవరు ఇస్తారని చట్టం అనుకుంటోంది? బల్ల దగ్గర కూర్చున్న మీరూ నేనూ. ఈ పద్ధతి మంచిదని నేను అనను. జీతమంతా యజమానే ఇచ్చి, ఆ మేరకు ధర పెంచితే నాకు సంతోషం. అది మారేదాకా, దాని మీద కోపం మాత్రం ట్రే మోసేవాళ్ళ మీద తీర్చుకోకూడదు.

ఇక్కడ నాకున్న ఇంకో కోపం కూడా చెప్పుకోనివ్వండి. కాఫీ కౌంటరులో కప్పు చేతికివ్వడానికే, డబ్బు కట్టే తెర మన వైపు తిప్పి టిప్పు 18, 20, 25 శాతం అని చూపిస్తున్నారు. నిలబడి కొనుక్కుని, నిలబడే తాగి, కప్పు మనమే పారేసే చోట కూడా. ఈ తెరల వల్లే జనానికి టిప్పు అన్న మాటంటే విసుగు పుట్టింది, ఆ విసుగు నిజంగా కష్టపడ్డవాళ్ళ మీద పడుతోంది. నేను తెరల దగ్గర మొహమాటం లేకుండా వద్దు అని నొక్కుతాను. కూర్చోబెట్టి వడ్డించినవాళ్ళ దగ్గర మాత్రం లెక్క చూడను. మన దేశంలో సర్వీసు చార్జీని బిల్లులో తమంతట తామే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అన్నయ్యగారు ఆ సంగతి కూడా తెచ్చారు. అది అక్కడి న్యాయం, అక్కడికి సరిపోతుంది. మన ఊళ్ళో సోంపు పళ్ళెంలో ఇరవై రూపాయలు పెట్టి లేచి వచ్చే లెక్క ఓర్లాండోలో పనికిరాదు.

ఆ రోజు నలభై అయిదు డాలర్లు నేనే రాసి, గది ఖాతాకు వేయించాను. అన్నయ్యగారు ఒప్పుకోలేదు. మర్నాడు చెఫ్ మిక్కీస్ అనే బఫే రెస్టారెంటులో, "ఇక్కడ మనమే వెళ్ళి వడ్డించుకుంటున్నాం కదా, ఇక్కడెందుకు?" అని మళ్ళీ మొదలుపెట్టారు. బఫేలో కూడా తాగేవి తెచ్చేది, తిన్న పళ్ళేలు నాలుగైదు సార్లు తీసేది, చంటిపిల్లలు కింద పోసింది తుడిచేది సర్వరే. అక్కడా ఇవ్వాలి. నేను 18 శాతం కంటే తగ్గను. ఆయనతో ఈ విషయంలో ఇప్పటికీ నాకు కుదరదు, ఫోనులో మాట వచ్చినా వాదించుకుంటాం.

మీకు పనికొచ్చే సంగతులు చెబుతాను. వరుసలో నిలబడి ట్రేలో తెచ్చుకునే చోట, చిరుతిళ్ళ బండ్ల దగ్గర టిప్పు అవసరం లేదు. ప్లాన్‌లో సగం భోజనాలు అలాంటివే. కూర్చుని తినే భోజనాలకే మీ లెక్క. ధరలు బిల్లులో చూడండి, కనపడకపోతే మెనూ చూసి కూడుకోండి. మీరు నలుగురు కాబట్టి కూర్చుని తినే ఒక్కో భోజనానికి ముప్ఫై నుంచి నలభై డాలర్లు అనుకుని, ఎన్ని రాత్రులుంటే అన్ని సార్లు ఇప్పుడే ఖర్చుల్లో రాసుకోండి. రైడ్ల దగ్గర వరుసలో నిలబడకుండా ముందు వెళ్ళేందుకు, మిక్కీ చెవుల టోపీలకు డబ్బు పక్కన పెట్టుకునేవాళ్ళు దీనికి కూడా పెట్టుకోవచ్చు. నగదు అవసరం లేదు, గది ఖాతాకు వేయమని సంతకం పెడితే సరిపోతుంది. హూప్-డీ-డూ లాంటి పాటల విందులో మాత్రం టిప్పు ధరలోనే కలిసి ఉంటుంది, అక్కడ మళ్ళీ ఇవ్వనవసరం లేదు.

మీ బావమరిది వాళ్ళు కలిసే రాత్రి సంగతి వేరు. బల్ల దగ్గర ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 18 శాతం బిల్లులోనే వేసేస్తారు, ప్లాన్ ఉన్నా సరే. సంతకం పెట్టే ముందు ఆ వరుస చూసుకోండి, లేకపోతే రెండుసార్లు ఇస్తారు. ఆరుగురు దాటారని నలుగురు ఒక బల్ల, ముగ్గురు ఒక బల్ల అని విడిపోయి కూర్చునే ఆలోచన ఎవరైనా చెబితే దయచేసి వినకండి. వాళ్ళు ప్లాన్ తీసుకోకపోతే వాళ్ళ భోజనాల డబ్బు విడిగా పడుతుంది, అది ఎవరు కట్టాలో బయలుదేరే ముందే మాట్లాడుకోండి.